బసవయ్య కట్టిన రెండరల పంజరం

పురానాపూల్ దాటి మూసీ గట్టు వెంట కొంచెం కిందికి దిగితే మేదరోళ్ల గల్లీ వచ్చేది. ఆ గల్లీలో పంజరాల బసవయ్య ఇల్లెక్కడని ఎవరైనా అడిగితే, మొదట్లో కూర్చుని బీడీలు చుట్టే ముసలమ్మ తలెత్తకుండానే చెయ్యి చూపించేది. అంత పేరు. ఊరికే వచ్చిన పేరు కాదది. మేదరింట పుట్టిన ప్రతివాడూ వెదురు చీలుస్తాడు, చాట అల్లుతాడు, గంప అల్లుతాడు, తడిక కడతాడు. అందులో చెప్పుకోవలసిందేమీ లేదు. బసవయ్య వెదురు బద్దను దబ్బనమంత సన్నగా గీసి, దీపం సెగన వంచి, ఒక్క మేకు కొట్టకుండా గుమ్మటం లేపేవాడు. ఆ గుమ్మటం కింద పిట్ట కూర్చుంటే, జనం పిట్ట కన్నా ముందు పంజరాన్నే చూసేవాళ్లు.

ఆయన చేతిపనులన్నీ చెప్పుకోవాలంటే పొద్దు చాలదు గాని, కొన్నైనా చెప్పుకోవాలి. ముర్గీచౌక్‌లో చిలుకలమ్మే దుకాణాలకు పంజరాలు ఆయన ఇంటినుంచే పోయేవి. మలక్‌పేటలో ఒక వకీలుగారి మైనాకు ఆయన కట్టిన పంజరం తలుపు, చెయ్యి తీయగానే దానంతటదే పడేది. ఆ తలుపు చూడడానికే వకీలుగారింటికి చుట్టాలు వచ్చేవాళ్లు. గుర్రప్పందేల మైదానం దగ్గర ఒక దొర కౌజుపిట్టలను పెంచితే, వాటి పంజరం అడుగున గడ్డి మార్చే సొరుగు పెట్టింది బసవయ్యే. గుల్బర్గా దాకా, ఔరంగాబాదు దాకా ఆయన పంజరాలు రైలెక్కి పోయాయి. ఇక షాలీబండ దిక్కున్న ఒక నవాబుగారి పెద్ద లోగిలిలో, దేవిడీ అనేవాళ్లు దాన్ని, చిన్నా పెద్దా పంజరాలన్నీ ఆయనవే. బసవయ్య తలకు చుట్టుకునే జరీ అంచు రుమాలు ఆ దేవిడీ వాళ్లు మెచ్చి ఇచ్చిందే.

చదువు కూడా తక్కువది కాదు. తల్లిగారి ఊళ్లో వీధిబడిలో ఇసుక మీద అక్షరాలు దిద్దాడు. ఎక్కాలు వచ్చు, శతక పద్యాలు వచ్చు. బాగోతమోళ్లు ఊరికొస్తే ముందు వరసలో కూర్చుని తెల్లారేదాకా కదిలేవాడు కాదు. వాళ్ల పాటలు సగానికి సగం నోటికొచ్చు. గల్లీలో ఎవరికే సందేహమొచ్చినా "బసవయ్యనడుగు" అనేవాళ్లు. ఆయన లేదనకుండా చెప్పేవాడు. తెలిసిందీ తెలియనిదీ ఒకే గొంతుతో చెప్పేవాడు గనక, ఏది ఏదో ఎవరికీ అంతుబట్టేది కాదు.

ఒక్క ఆగమ్మకు మాత్రం అంతుబట్టేది. ఆగమ్మ ఆయన సొంత అక్క. మూసీకి పెద్ద వరదొచ్చి గట్టు మీది గుడిసెలన్నీ కొట్టుకుపోయిన ఏడు, పడుచువాడైన తమ్ముణ్ణి జుట్టు పట్టుకుని వేపచెట్టెక్కించింది ఆమె. మొగుడు పోయాక తమ్ముడింటికే వచ్చి, అరుగు మీద కూర్చుని తడికలల్లుకునేది. మీరాలం చెరువులో జమ్ము కోసుకొచ్చి చాపలు కూడా అల్లేది. బసవయ్య పంజరం ముందు ఆమె తడిక ఎవరి కంటికీ ఆనేది కాదు. ఆ సంగతి బసవయ్యకు తెలుసు. ఆమెకూ తెలుసు.

పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదిలో, చలి ముదిరిన రోజుల్లో, దేవిడీకి ఎక్కడినుంచో ఒక సుర్ఖాబ్ జోడీ కానుకగా వచ్చింది. బాతుకన్నా పెద్దవి, మోదుగుపువ్వు రంగు ఒళ్లు, తల లేతగా ఉంటుంది. ఎగిరిపోకుండా రెక్కల ఈకలు కత్తిరించి తెచ్చారు. దేవిడీ పనులన్నీ చూసే దారోగా షఫీఉద్దీన్ సాబ్ బసవయ్యకు కబురు పెట్టాడు. బసవయ్య వెళ్లి వాటిని చూడగానే, "ఇవి సుర్ఖాబులా! ఇవి మా జక్కవలు సాబ్" అన్నాడు. "పగలంత జోడీగ ఉంటయి. పొద్దుగూకితే దేవుని శాపం. ఒకటి ఈ ఒడ్డుకు, ఒకటి ఆ ఒడ్డుకు. తెల్లారేదాక ఒకదాన్నొకటి పిలుసుకుంట ఏడుస్తయి. శాస్త్రంల ఉన్నది."

శాస్త్రం ఆయన చదివింది కాదు. బాగోతంలో మొగుడికి దూరమైన ఆడమనిషి జక్కవలను తలచుకుని పాడే పాట విన్నదే. అయినా ఆ పాట విననిదెవరు? బసవయ్య ఆ పాట ప్రకారం పంజరం కట్టాడు. గుమ్మటాలు రెండు, అరలు రెండు, నడుమ పైనుంచి జారే తలుపు. ప్రతి అరలోనూ పిట్ట కూర్చోవడానికి అడ్డకర్ర, ఊగడానికి ఉయ్యాల. పొద్దుగూకగానే నడిమి తలుపు దించాలని, తెల్లవారగానే ఎత్తాలని దేవిడీ నౌకర్లకు నేర్పి మరీ వచ్చాడు. అంతకు ముందు ఆయన చేసిన ఏ పంజరమూ ఆ పంజరం కాలిగోటికి సరిపోదు. నిలబెట్టిన రోజు దేవిడీ ఆడవాళ్లు వెదురు తెరల చాటునుంచి చూసి చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఎక్కువ రోజులు నిలవలేదు. దారోగా మళ్లీ పిలిపించాడు.

"చూడు బసవయ్యా, నీ పింజ్రా మస్తుంది. లేకిన్ పిట్టలు మస్తు పరేషాన్ ఉన్నయి. తలుపు దించిన కాడికెల్లి పొద్దున దాక ఆంగ్, ఆంగ్ అని ఒక్కటే లొల్లి. బేగం సాహెబాకు నిద్ర లేదు. మగ పిట్ట బద్దలకు తల కొట్టుకొని నెత్తురు తీసుకున్నది. తోక ఈకలు ఇరిగినయి. దాణా ముడ్తలేవు."

"గది జక్కవల గుణం సాబ్. రాత్రి పూట గట్లనే ఏడుస్తయి."

"ఏడిస్తే మీ గల్లీల ఏడ్వమను, దేవిడీల కాదు." దారోగా గొంతు పెంచలేదు. పెంచకపోవడమే బసవయ్యకు భయం పుట్టించింది. "ఆబిడ్స్ దిక్కు ఒకడు ఇనుప జాలీ పింజ్రాలు చేస్తున్నడు. పురుగు పట్టదు, ఎలుక కొరకదు అంటున్నడు. వచ్చే జుమ్మా దాక ఆగుత. అప్పటికి ఈ లొల్లి బంద్ కాకుంటే వాణ్ని పిలుస్త. పిలిస్తే ఒక్క సుర్ఖాబులకే పిలువ. దేవిడీల ఉన్న పింజ్రాలన్నీ ఒక్కసారే మార్పిస్త."

దేవిడీ పని పోవడమంటే బసవయ్య ఒక్కడి పని పోవడం కాదు. ఆ పంజరాలకు బద్దలు చీల్చేవాళ్లు, కొత్త వెదురు మోసేవాళ్లు, చాటలూ గంపలూ అదే గడపలో అమ్ముకునేవాళ్లు, గల్లీలో సగం పొయ్యిలు ఆ గడపను నమ్ముకున్నవే. ఒక నవాబు ఇనుప జాలీ పెట్టిస్తే పక్క నవాబు చూస్తాడు. ఆ లెక్క బసవయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఆగమ్మ తడిక అల్లిక ఆపలేదు.

"ఏందిరా తమ్మీ, మొఖం గట్ల పెట్టినవ్? రుమాలు మళ్ల ఇయ్యమన్నరా?"

"నవ్వులాట గాదక్కా." జరిగిందంతా చెప్పాడు. చెప్పి, "నా పంజరంల తప్పు లేదు. జక్కవలు ఏడ్వక నవ్వుతయా?" అన్నాడు.

"నువ్వు జక్కవను ఎప్పుడన్న సూసినవా?"

"సూసుడేంది! మొన్న ఈ చేతులతోటే పంజరంల పెట్టిన."

"పంజరంల గాదురా. నీళ్లల్ల."

నీళ్లలో బసవయ్య చూడలేదు మరి. ముప్ఫై ఏళ్లుగా పిట్టలకు ఇళ్లు కడుతున్నాడు. ఆ పిట్టలన్నీ ముర్గీచౌక్‌లో గంప కింద చూసినవే.

"మీరాలం చెరువు కాడ చలికాలమొస్తే దిగుతయి. జమ్ము కోయబోయినప్పుడల్లా చూస్త" అంది ఆగమ్మ.

"అయితే నువ్వే చెప్పు. రాత్రిపూట విడివిడిగ ఉంటయా, ఉండయా?"

"నేను రాత్రిదాక ఆడ ఉంటనా? పొద్దుండంగనే మోపెత్తుకొని వస్త. నాకెట్ల తెలుస్తది?" చేతిలో ఉన్న బద్దను కొసదాకా అల్లి పక్కన పెట్టింది. "తెలువకపోతే పోయి చూడాలె. రేపు పోదాం. రొట్టెలు కట్టుకుందాం."

మరునాడు తెల్లవారుజామున, మూసీ మీద మంచు కదలకముందే అక్కాతమ్ముళ్లు బయల్దేరారు. ఆగమ్మ గొంగడి కప్పుకుని, నడుముకు కొడవలి చెక్కుకుంది. మూటలో జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, ఉల్లిగడ్డలు. బసవయ్య జరీ రుమాలు చుట్టుకున్నాడు. గల్లీ దాటి బయటికి పోయేటప్పుడు అది లేకుండా ఆయన ఎన్నడూ పోలేదు. చేతిలో ఒక పొడుగాటి వెదురు బద్ద కూడా ఉంది, జానల గుర్తులు పెట్టింది. పిట్ట కొలతలు తీసుకుంటాడట.

"పిలిస్తే దగ్గరికొచ్చి నిలబడతయనుకున్నవా?" అంది ఆగమ్మ.

"దూరంకెల్లి అందాజ తీస్త. కొలతలు లేకుంట కట్టుడంటే తడికలు కట్టుడే."

ఆగమ్మ బహదూర్‌పురా తోటల వెంట పోతుంటే రేగుచెట్ల కింద ఆగి, పండు కాయలు ఏరి కొంగున పోసుకుంది. బసవయ్య నడుస్తూనే దేవిడీలో తను కట్టిన పంజరాల వరస చెప్పుకుపోతున్నాడు. నెమలి పంజరం, తెల్ల పావురాల గూడు, కాబూలునుంచి వచ్చిన తీతర్లకు, అవే కౌజుపిట్టలకు, రెండు తలుపుల పెట్టె. ఆమె వాటన్నిటినీ ఇదివరకే విన్నది. గల్లీలో విననివాళ్లు లేరు.

చెరువు దగ్గరికి పోయేసరికి ఎండ రాతి కమానుల కట్ట మీదికెక్కింది. నీళ్ల మీద పొగ లేస్తూ ఉంది. ఆ పొగ నడుమ నల్లగా, బూడిదగా, తెల్లగా పిట్టలు. బసవయ్య ఇన్ని పిట్టలు ఒక్కచోట ఉంటాయని ఎన్నడూ అనుకోలేదు. ముర్గీచౌక్ మొత్తాన్ని తీసుకొచ్చి గుమ్మరించినా ఒక మూలకు రాదు. ఆయన ముందుకు రెండడుగులు వేశాడో లేదో, దగ్గరగా ఉన్న గుంపు గుంపంతా బుర్రున లేచి అవతలికి పోయింది.

"తీసెయ్ ఆ రుమాలు" అంది ఆగమ్మ. "జరీ తళుక్కుమంటే బందూకు అనుకుంటయి."

"ఇది దేవిడీ వాళ్లు ఇచ్చిన..."

"ఎరికేరా. వాటికి ఎరిక లేదు."

బసవయ్య అటూ ఇటూ చూసి, రుమాలు విప్పి చంకలో పెట్టుకున్నాడు. బోడితలకు చలిగాలి తగిలి ఒళ్లు జలదరించింది. సరిగ్గా అప్పుడే కట్ట మీదినుంచి కేక వినిపించింది.

"ఏయ్! కౌన్ హై? వల ఎక్కడ పెట్టిన్రు? తియ్యండ్రి బయటికి!"

చెరువు కావలిమనిషి బాబూమియా కట్టె ఊపుకుంటూ దిగివచ్చాడు. వెదురు బద్ద చేతపట్టుకుని పొదల్లో నిలబడ్డవాణ్ణి చూస్తే పిట్టలు పట్టేవాడనుకోక ఏమనుకుంటాడు? బసవయ్య ఛాతీ విరిచాడు.

"నన్ను గుర్తు పట్టలేదా భాయ్? నేను పంజరాల బసవయ్యను. ముర్గీచౌక్ పంజరాలన్నీ నావే. దేవిడీల నెమలి పంజరం నాది. మలక్‌పేట వకీల్ సాబ్ మైనా పంజరం..."

"పింజ్రాలు కట్టేటోడివా?" బాబూమియా కట్టె ఇంకా పైకెత్తాడు. "అయితే పట్టేటోళ్లకు పెద్దన్నవి నువ్వే!"

ఆగమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, "అన్నా, నన్ను చూసినవ్ కదా, జమ్ము కోస్త ఎప్పుడూ. వీడు నా తమ్ముడు. పట్టనీకి రాలే, చూడనీకి వచ్చిండు" అంది. కొంగున ఉన్న రేగుపండ్లలో సగం బాబూమియా దోసిట్లో పోసింది.

"చూడనీకా?" బాబూమియా కట్టె దించి ఇద్దర్నీ వింతగా చూశాడు. "ఈ చెరువుకు కాల్చనీకి వస్తరు, పట్టనీకి వస్తరు, బట్టలు ఉతకనీకి వస్తరు. చూడనీకి ఎవ్వరూ రాలే. ఏం చూస్తరు?"

"సుర్ఖాబులు రాత్రిపూట విడిపోతయా లేదా అని."

"విడిపోతయి!" అన్నాడు బాబూమియా ఠక్కున. "మా దాదీ చెప్పేది. ఆశిక్, మాషూక్, ప్రేమించుకున్నోళ్లు. నడుమ దరియా. తెల్లారేదాక ఏడుపే."

బసవయ్య అక్క వైపు తిరిగాడు. ఆ చూపులో ఎంత గెలుపుందో చెప్పలేం. ఆగమ్మ మాత్రం బాబూమియానే చూస్తూ, "నువ్వు చూసినవా అన్నా?" అంది.

"నేనెక్కడ చూస్త? పొద్దుగూకంగనే మగ్రిబ్ నమాజుకు ఇంటికి పోత." నోట్లోని రేగుపండు గింజ ఉమ్మి, కట్టెతో చూపించాడు. "గా బండ కాడ కూసోండ్రి. ముందు గడ్డి ఉన్నది, మీరు కనపడరు. సుర్ఖాబులు ఎదురుగ బురద మీదికి వస్తయి."

వచ్చాయి. ఎండ కొంచెం వేడెక్కాక జోడీ జోడీగా వచ్చి బురదమెట్ట మీద దిగాయి. బంగారు రంగు ఒళ్లు ఎండలో నిగనిగలాడుతుంటే బసవయ్య కొలతబద్ద మరచిపోయి నోరు తెరిచి చూశాడు. దేవిడీ పంజరంలో తను పెట్టినవీ ఇవే జాతి పిట్టలని నమ్మడం కష్టంగా ఉంది. ఇవి తలెత్తి, మెడ సాచి, గల్లీకి పెద్దమనుషుల్లాగా నడుస్తున్నాయి.

తరువాత చాలాసేపు ఇద్దరూ కూర్చున్నారు. కూర్చున్నారంటే ఆగమ్మ కూర్చుంది. బసవయ్య కదులుతూనే ఉన్నాడు. కనిపించిన ప్రతి పిట్టకూ ఆయన పంజరం కట్టేస్తున్నాడు. నీటికాకి రెక్కలారబెట్టుకుంటే, "దీనికి వెడల్పు కావాలె, రెండు మూరలన్న" అన్నాడు. లకుముకి పిట్ట కొమ్మ మీదినుంచి నీళ్లలోకి బాణంలా దూకితే, "దీనికి కింద తొట్టి పెట్టాలె" అన్నాడు. పరజ బాతుల గుంపును చూసి, "వీటికి అంతస్తులు..." అంటుండగా ఆగమ్మ రొట్టె తుంచి చేతిలో పెట్టింది.

"తిను. నోరు ఖాళీగ ఉంటే ఊరంతటికీ ఇళ్లు కడ్తున్నవ్."

మధ్యాహ్నం దాటింది. బసవయ్యకు ఒక అనుమానం మొదలైంది. మొదట పైకి అనలేదు. చివరికి ఉండబట్టలేక అడిగాడు. "అక్కా, ఇవి కొమ్మెక్కి ఎప్పుడు కూసుంటయి?"

"ఏ కొమ్మ?"

"ఏదన్న కొమ్మ. ఇంత పొద్దు నుంచి చూస్తున్న. నేలనన్న ఉన్నయి, నీళ్లనన్న ఉన్నయి. ఒక్కటి గూడ కొమ్మెక్కలే."

"బాతు కాళ్లురా అవి. చర్మమున్నది వేళ్ల నడుమ. కొమ్మను ఎట్ల పట్టుకుంటయి?" ఆగమ్మ తమ్ముడి మొహం చూసి ఆగింది. "పంజరంల కర్ర పెట్టినవా?"

బసవయ్య కొలతబద్ద మీది గుర్తులు లెక్కపెట్టసాగాడు.

"ఉయ్యాల గూడ పెట్టినవా?"

ఆయన మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ఆగమ్మ గడ్డిలోకి మొహం దాచుకుని నవ్వింది. భుజాలు కదిలిపోయేలా నవ్వింది. బసవయ్య కోపంగా అవతలికి తిరిగాడు గాని, ఉయ్యాల మీద ఆ బాతు కాళ్లు తలచుకుంటే ఆయన మీసాల కింద కూడా ఏదో కదిలింది.

అంతలో పైన ఒక డేగ నీడ పడింది. చెరువులోని పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. సుర్ఖాబులు మాత్రం మొదట తల తిప్పి చుట్టూ చూశాయి. మెట్ట మీద అవి నిలబడ్డ చోటినుంచి నాలుగు దిక్కులా కనిపిస్తుంది. డేగ ఏ వైపుందో తెలుసుకున్నాకే లేచాయి. అది వెళ్లిపోగానే మళ్లీ అదే మెట్టకు వచ్చాయి. "చూసినవా" అంది ఆగమ్మ, "చుట్టుపక్కల కనపడాలె వాటికి. కనపడకుంటే పాణం ఆగదు." తమ్ముడు వింటున్నాడో లేదో ఆమె చూసుకోలేదు. జమ్ము కోసి మోపు కట్టుకోవడానికి లేచింది.

పొద్దు వాలింది. నీళ్లు ఎర్రబడ్డాయి. బాబూమియా కట్ట మీదినుంచి చెయ్యి ఊపి, ఖుదా హాఫిజ్ చెప్పి ఇంటి దారి పట్టాడు. ఇక్కడినుంచి బసవయ్య కంటి రెప్ప వెయ్యలేదు. దగ్గరగా ఉన్న ఒక జోడీ మీదనే చూపు నిలిపాడు. తన మాట, దేవిడీ పని, గల్లీ పొయ్యిలు, అన్నీ ఆ రెండు పిట్టల నడుమ ఉన్నట్టు చూశాడు. మసక పడుతోంది. ఒక సుర్ఖాబ్ మెడ సాచి ఒక్క కేక వేసింది. లేచింది. తన జోడీని వదిలేసి, నీళ్ల మీదుగా నేరుగా అవతలి ఒడ్డుకు ఎగిరిపోయింది.

"చూడు!" బసవయ్య గంతేశాడు. "పోయింది! చూసినవా అక్కా, పోయింది! ఒకటి ఈ ఒడ్డు, ఒకటి ఆ ఒడ్డు! నేను చెప్పలే? నడిమి తలుపు కరెక్టే! చెప్పు, ఇప్పుడు చెప్పు..."

ఈ ఒడ్డున మిగిలిన పిట్ట ఆంగ్ అంది. అవతలినుంచి ఆంగ్ అని బదులొచ్చింది. బసవయ్య వేలు పైకెత్తి విను విను అన్నట్టు నిలబడ్డాడు. అచ్చం పాటలో ఉన్నట్టే ఉంది. మూడోసారి పిలుపు రాగానే ఈ పిట్ట కూడా లేచింది. తిన్నగా ఆ ఒడ్డుకే పోయింది. మొదటిది దిగిన పచ్చిక మీద, దాని పక్కనే దిగింది. రెండూ తలలు వంచి గడ్డి మేయడం మొదలుపెట్టాయి.

బసవయ్య ఎత్తిన వేలు అట్లాగే ఉండిపోయింది. తరువాత ఇంకో జోడీ లేచింది; అదీ కలిసే పోయింది. ఆ తరువాతిదీ అంతే. చీకట్లో ఎర్ర ఒళ్లు కనబడకుండా పోయేదాకా చూశాడు. ఏ ఒక్కటీ జోడీని వదిలి వేరే ఒడ్డున దిగలేదు. పిలుపులు కూడా ఆగిపోయాయి.

ఆగమ్మ మోపెత్తుకుంది. చీకట్లో ఇద్దరూ ఇంటి దారి పట్టారు. కొంతదూరం పోయాక ఆమే అంది.

"ఏందిరా, శాస్త్రం పలుకుతలేదు?"

"బాగోతమోళ్లు మీరాలం చెరువు చూసి ఉండరు."

"గంతే అయి ఉంటది."

ఇంకొంచెం నడిచాక బసవయ్య, "నడిమి తలుపు తీసేస్త. కర్రలు తీస్త, ఉయ్యాలలు తీస్త. అప్పుడు సరిపోతదా?" అన్నాడు.

"సరిపోదు."

"ఎందుకు?"

"గుమ్మటం ఎవరికి కట్టినవ్? పిట్టకా, చూసేటోళ్లకా? రెక్కలు కత్తిరించిన పిట్టకు నెత్తి మీద కప్పెందుకు? దానికి నేల కావాలె, నీళ్లు కావాలె, చుట్టూ కనపడాలె. దేవిడీల నీళ్ల హౌజు ఉన్నది కదా? దాని చుట్టూ తడిక కట్టు. సందులు పెద్దగ పెట్టు, బయటికి కనపడాలె. పైకొస బయటికి వంచు, పిల్లి ఎక్కలేకుంట. ఒక దిక్కు మట్టి పోసి మెట్ట లెక్క చెయ్యి, నీళ్లకెల్లి నడిచి ఎక్కనీకి."

బసవయ్య నిలబడిపోయాడు. "తడికనా? నా చేతులతోటి తడికనా? గల్లీల మొఖమెట్ల చూపెట్టాలె?"

"నీ చేతులతోటి ఎవరు కట్టమన్నరు? నేను కడ్త. నువ్వు బద్దలు చీల్చియ్యి."

ఆ రాత్రి ఆయన ఏం ఆలోచించాడో ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే మాత్రం దేవిడీకి పోయి, దారోగా ఎదుట నిలబడి, నడిమి తలుపు తన తప్పని చెప్పాడు. మేదరోళ్ల గల్లీలో బసవయ్య నోట తప్పు అన్న మాట అంతకు ముందెవరూ వినలేదు, దేవిడీలోనూ వినలేదు. గెలిచిన పనులు చెప్పుకోవడం సులువు. ఆ ఒక్క మాట చెప్పడం ఆయన కట్టిన గుమ్మటాలన్నిటికన్నా బరువైన పని అని గల్లీ పెద్దలు తరువాత ఒప్పుకున్నారు. దారోగా మాత్రం ఒప్పుకోలు వినడానికి పొద్దు లేనట్టు, "సరే, జుమ్మా దాక టైమున్నది. ఏం చేస్తవో చెయ్యి" అన్నాడు. రెండరల పంజరాన్ని కాబూలు తీతర్లకు మార్చమన్నాడు. ఆ రెండు మగ తీతర్లు ఒకదానికొకటి ఎదురుపడితే చాలు పొడుచుకు చచ్చేవి. వాటికి నడుమ తలుపు కావలసిందే.

ఆగమ్మ దేవిడీ లోపలికి పోవడం అదే మొదలు. హౌజు పక్కన చాప వేసుకుని కూర్చుంది. బసవయ్య ఎదురుగా కూర్చుని బద్దలు చీల్చి ఇస్తుంటే, ఒక్కొక్కటీ వేళ్లతో తడిమి చూసి గాని అల్లికలో వెయ్యలేదు. గల్లీనుంచి ఇద్దరు ముగ్గురు చూడవచ్చి, "ఏం మామా, ఎప్పటినుంచి అక్క కాడ పనికి కుదిరినవ్?" అని వెటకారం చేశారు. "పని నేర్సుకుంటున్న. మీరు గూడ కూసోండ్రి, నేర్పుతది" అన్నాడు బసవయ్య తలెత్తకుండా. వాళ్లు నవ్వి వెళ్లిపోయారు.

తడిక పూర్తయింది. పైకొస పువ్వు రేకులా బయటికి విచ్చుకుంది. మట్టి మెట్ట మీద పిట్టలను వదిలితే, మొదటిరోజు బెదిరి హౌజు నడుమే తేలాయి. రెండోరోజు మెట్టెక్కి గింజలు ముట్టాయి. గడువు పెట్టిన శుక్రవారం రాత్రి దేవిడీలో అందరూ చెవులు రిక్కించి పడుకున్నారు. పిలుపు లేదు. శనివారం పొద్దున బేగం సాహెబా కంటినిండా నిద్రపోయి లేచిందని ఆయాలు చెప్పారు.

దారోగా హౌజు చుట్టూ ఒక తిరుగు తిరిగి, తడిక మీద చెయ్యి వేసి ఊపి చూశాడు. కదల్లేదు. పిట్టలు రెండూ మెట్ట మీద పక్కపక్కన ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి.

"బహుత్ ఖూబ్, బసవయ్యా. జాలీవాణ్ని వద్దని చెప్పిన. మా నవాబ్ సాబ్ అన్న, పెద్ద నవాబ్ సాబ్ తోటల గూడ బాతుల హౌజ్ ఉన్నది. దానికి గూడ గిట్లనే కావాలన్నరు. నీ పేరే చెప్పనా?"

పాతబస్తీలో ఆ ప్రశ్న కోసం బసవయ్య జీవితమంతా ఎదురుచూశాడు. పెద్ద నవాబు తోటలో పని. చెప్పనా అంటున్నాడు దారోగా. చెప్పు అంటే చాలు. బసవయ్య తడిక పైకొసను వేళ్లతో తడిమి చూశాడు.

"పేరు ఆగమ్మ అని చెప్పండి సాబ్. మేదరి ఆగమ్మ. కట్టింది ఆమె. నేను బద్దలు చీల్చిన, గంతే."

దారోగా ఆమె వైపు తిరిగాడు. ఆగమ్మ చాప చుట్టుకుంటూ లేచింది.

"బద్దలు గూడ రెండు మూడు చోట్ల మందంగ వచ్చినయి సాబ్" అంది. "ఈసారి మంచిగ చీలుస్తడు లెండి."